తోడు పెట్టిన సముద్రం

మా ఇంట్లో ఒక చేప ఆకలితో చనిపోయింది. అది చనిపోయిన రోజున ఫ్రిజ్‌లో దాని కోసం తెచ్చిన నాలుగు రకాల తిండి ఉంది. ట్యాంకు అడుగున ఇసుక మీద, అది ముట్టకుండా వదిలేసిన రొయ్య ముక్కలున్నాయి. దాదాపు నలభై రోజుల పాటు మూడు పూటలా దాని ముందు తిండి పెట్టాను. వచ్చేది, ఒక కన్ను తిప్పి చూసేది, పక్కనుంచి వెళ్లిపోయేది. చివరి వారంలో వచ్చి చూడటం కూడా మానేసింది. అప్పుడు రెండో తరగతి చదువుతున్న మా పాప అడిగింది: "నాన్నా, దానికి మనింటి అన్నం నచ్చలేదా?"

నేతలకు ఇబ్బందికరమైన ప్రశ్నలు వేయడం నా వృత్తి. పాప ప్రశ్నకు మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జవాబు దొరకడానికి ఏడాదికి పైగా పట్టింది.

సూరత్‌కు బదిలీ మీద వచ్చిన కొత్తలో ఒక ఆదివారం పాల్ ప్రాంతంలోని జగదీశ్ చంద్రబోస్ అక్వేరియంకు వెళ్లాం. నగరపాలక సంస్థ 2014లో తెరిచిన ఈ అక్వేరియంలో మంచినీటి చేపలతో పాటు సముద్రపు చేపలూ ఉంటాయి. పాప సముద్రపు చేపల అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. పిలిచినా కదల్లేదు. ఇంటికొచ్చాక పాప పోరు మొదలైంది. నిజం చెప్పాలంటే పాప కంటే నాకే ఎక్కువ ఆశ పుట్టింది. బదిలీల ఉద్యోగంలో మొక్కలు, కుక్కలు, పిల్లులు సాధ్యం కాలేదు. చేపలైతే అద్దాల వెనుక ఉంటాయి, మనల్ని ఏమీ అడగవు అనుకున్నాను. నా మొదటి పొరపాటు అదే.

2022 వర్షాకాలంలో 300 లీటర్ల ట్యాంకు హాల్లోకి వచ్చింది. డుమస్ తీరం దగ్గరే కదా, రెండు డ్రమ్ముల నీళ్లు తెచ్చుకుంటే పోదా అని ఓ మిత్రుడు సలహా ఇచ్చాడు. డుమస్‌కు వెళ్లి చూసిన వాళ్లెవరూ ఆ మాట అనరు. ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్లు బురదను కలియబెడుతూనే ఉంటాయి. పగడాలు, వాటి మధ్య తిరిగే చేపలు బతికే నీరు అద్దంలా ఉండాలి. అందుకని ఆర్‌వో నీటిలో లీటరుకు 35 గ్రాముల చొప్పున ప్రత్యేకమైన ఉప్పు కలిపి సముద్రాన్ని ఇంట్లోనే తయారు చేసుకోవాలి. 300 లీటర్లకు పది కిలోల పైమాటే. ఆవిరైపోయిన నీటికి బదులుగా మళ్లీ ఉప్పునీరు పోయకూడదు, మంచినీరే పోయాలి. ఉప్పు ఆవిరైపోదు కాబట్టి. ఇంటర్మీడియట్‌లో చదువుకున్న సంగతే. అది గుర్తుకు రావడానికి రెండు చేపలు బలయ్యాయి.

రెండు నెలలకు ట్యాంకు ఒక దారికొచ్చింది. నారింజ రంగు క్లౌన్ చేపలు జంటగా తిరుగుతున్నాయి. సిక్స్‌లైన్ రాస్ అనే చురుకైన చేప రాళ్ల సందుల్లో దూరి దూరి వస్తోంది. ఏం వేసినా తింటున్నాయి. ఆ ధీమాలోనే ఒక దుకాణంలో మాండరిన్‌ను చూశాను.

దాన్ని చూసి ఊరుకోవడం కష్టం. చిటికెన వేలంత చేప. నీలం మీద నారింజ, ఆకుపచ్చ రంగుల్లో మెలికలు తిరిగే గీతలు. పోచంపల్లి చీర మీద ఎవరో తీరిగ్గా కుంచెతో దిద్దినట్టుంటుంది. పాతకాలపు చైనా ఉన్నతాధికారుల పట్టు అంగీల మీది రంగులను తలపిస్తుంది కనుకే దానికి మాండరిన్ అనే పేరొచ్చింది. నెమలి ఈకలో మనకు కనిపించే నీలం నిజానికి రంగు కాదు, వెలుతురు చేసే మాయ. వెన్నెముక ఉన్న ప్రాణుల్లో దాదాపు అన్నింటి నీలమూ అలాంటిదే. మాండరిన్ మాత్రం నిజంగా నీలి వర్ణద్రవ్యాన్నే ఒంట్లో మోస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు ఈ సంగతిని 1995లో వెల్లడించారు.

"అన్నీ తింటుంది సార్, పదిరోజుల్లో అలవాటు పడుతుంది" అన్నాడు దుకాణదారు. నేను నమ్మాను. నమ్మాలని అనిపించింది కాబట్టి నమ్మాను. కొనే ముందు ఒక్క పూట కూర్చుని చదివినా తెలిసిపోయేది.

మాండరిన్ ఈదడం కంటే నడుస్తుందనడమే సబబు. పొట్ట కింది రెక్కల మీద ఆగుతూ సాగుతూ రాళ్ల వెంట తిరుగుతుంది. ముందుకు పొడుచుకొచ్చే చిన్న నోటితో రాయిని ముద్దు పెట్టుకున్నట్టు తాకుతుంది. ప్రతి ముద్దుకూ ఒక ప్రాణి దొరుకుతుంది. ఆ ప్రాణులే కోపీపాడ్లు. రొయ్యలకు దూరపు చుట్టాలు, పొడవు మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఇవి కాక చిన్న చిన్న పురుగులు, చేపల గుడ్లు. పశ్చిమ పసిఫిక్ సముద్రంలో, ఫిలిప్పీన్స్, ఇండోనేసియా తీరాల పగడపు రాళ్ల మధ్య మాండరిన్‌కు పగలంతా ఇదే పని. ఒక్కసారి కడుపునిండా తిని పడుకునే చేప కాదది. కోళ్లు గింజలు ఏరుకున్నట్టు పొద్దుగూకే దాకా ఏరుకుంటూనే ఉండాలి. కదలని వస్తువును అది తిండిగా గుర్తించదు. ఫ్రిజ్‌లోంచి తీసిన రొయ్య ముక్క దాని కంటికి ఇసుకరేణువుతో సమానం.

మరి రెండు నెలల ట్యాంకులో ఎన్ని కోపీపాడ్లుంటాయి? ఉన్న కాసిన్నీ రాస్ అప్పటికే వేటాడేసింది. ఆ సంగతి తెలిసేసరికి నెల గడిచింది. మాండరిన్ తల వెనుక గుంట పడింది, పొట్ట లోపలికి పోయింది. ఎవరేం చెబితే అది చేశాను. తిండిని వెల్లుల్లి రసంలో నానబెట్టి వేస్తే ఆకలి పుడుతుందన్నారు, వేశాను. హాలంతా పచ్చడి వాసన వచ్చింది తప్ప చేప నోరు తెరవలేదు. ఆర్టీమియా గుడ్లను ఉప్పునీటిలో వేసి, మర్నాటికి పొదిగిన పిల్లల్ని సిరంజితో దాని ముందు వదిలాను. అవి కదిలాయి కనుక కొన్నింటిని తింది. మిగతా వాటిని క్లౌన్ చేపలు నిమిషంలో ఊడ్చేశాయి. ఇది తినదని తెలిసేకొద్దీ మరింత వేశాను. వేసిందంతా కుళ్లి నీటిని పాడుచేసింది. ఒక ఉదయం రాతి సందులో పక్కకు ఒరిగి కనిపించింది. రంగులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఎంఏలో రాజనీతి శాస్త్రం చదివేటప్పుడు అమర్త్యసేన్ 1981లో రాసిన కరవు సిద్ధాంతం మీద పరీక్షలో పేజీలు నింపాను. 1943 నాటి బెంగాల్ కరవును ఉదాహరణగా తీసుకుని ఆయన చెప్పింది స్థూలంగా ఇదీ: తిండి లేకపోవడం వేరు, ఉన్న తిండి మనిషికి అందకపోవడం వేరు, గోదాముల్లో ధాన్యం ఉండగానే జనం చనిపోవచ్చు. లక్షల మంది మనుషుల గురించిన మాటను చిటికెన వేలంత చేపకు వర్తింపజేయడం అతి అని తెలుసు. కానీ ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. నేను లెక్క పెట్టింది నా దగ్గరున్న సరుకును. దానికి అందేది ఏమిటని ఒక్కసారీ అడగలేదు.

ట్యాంకును అమ్మేద్దామనుకున్నాను. లింబాయత్ తాత అడ్డుపడ్డాడు.

సూరత్‌లో తెలుగువాళ్లంటే ముందుగా చెప్పుకోవలసింది లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లోని నేత కుటుంబాల గురించే. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి తరతరాలుగా వచ్చినవాళ్లు. వీళ్ల పిల్లల కోసం ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. ఆ బడుల గురించి రాయడానికి వెళ్లినప్పుడు పరిచయమైన పెద్దాయన ఈ తాత. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి కుర్రాడిగా వచ్చి ముప్పై అయిదేళ్లు మగ్గం నడిపాడు. ఆదివారాలు మా ఇంటికొచ్చి వారం రోజుల తెలుగు పత్రికలు పట్టుకుపోతాడు.

ఆ రోజు ట్యాంకు ముందు కూర్చుని నా కథంతా విన్నాడు. రోజూ నీళ్లు మార్చానని, రాళ్లు తీసి కడిగానని, మందులు పోశానని చెప్పుకొచ్చాను. "తోడేసిన పాలను ఊకె గెలుకుతరా సారూ? ఓ పక్కకు పెట్టి ఆగాలె. గిది సుత గంతే గద" అన్నాడు. కాసేపాగి, "గది తినేది ముందుగాల పుట్టాలె. ఎనుక గిది రావాలె" అన్నాడు. పుస్తకాలు ఇరవై పేజీల్లో చెప్పింది తాత రెండు ముక్కల్లో తేల్చేశాడు.

తాతకు ఇంకో అనుభవం ఉంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు పెళ్లాం బిడ్డలతో రైలెక్కి ఊరికి పారిపోయినవాళ్లలో ఆయనా ఉన్నాడు. అప్పుడు మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ మాత్రలు దొరకలేదు. తిరిగొచ్చాక ఊరు మారింది మాత్రలతో కాదు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు చెత్త మీద, మురుగు కాల్వల మీద పడ్డారు. అధికారులు ఏసీ గదులు వదిలి రోజూ వీధుల్లో తిరగాల్సిందేనన్నారు. ఏసీ నుంచి డీసీకి, అంటే ఏసీ గదుల నుంచి దినవారీ పనుల్లోకి అని దానికి పేరే పడిపోయింది. 1996లో ఇన్‌టాక్ సర్వే సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలోకెల్లా పరిశుభ్రమైన నగరంగా ప్రకటించింది. "రావు సారు మాకు మందులియ్యలే, మోరీలు తీపిచ్చిండు" అంటాడు తాత. నేను చేపకు ఇచ్చింది టెట్రాసైక్లిన్. దానికి కావలసింది మోరీల పని.

సరే, మోరీల పనే మొదలుపెట్టాను. ముందుగా రాస్‌ను పెద్ద ట్యాంకున్న ఒక పరిచయస్తుడికి ఇచ్చేశాను. ట్యాంకు కింద అల్మరాలో ఇంకో చిన్న తొట్టె అమర్చాను. పైనీరు కిందికి దిగి, మళ్లీ మోటారుతో పైకి పోతుంది. కింది తొట్టెలో కీటోమార్ఫా అనే నాచు ఉంటుంది. ఆకుపచ్చ దారపు ఉండలా చిక్కులు పడి పెరిగే ఈ నాచు నీటిలోని నైట్రేట్‌ను పీల్చుకుంటుంది. అంతకంటే ముఖ్యంగా ఆ చిక్కుల్లో చేపల బెడద లేకుండా కోపీపాడ్లు పిల్లలు పెడతాయి. మా ఆవిడ దానికి పురిటిల్లు అని పేరు పెట్టింది. దీనికి రాత్రిపూట దీపం వెలుగుతుంది. పైన చీకటి పడ్డాక కింద పగలవుతుంది.

కోపీపాడ్ల తోడు ముంబై నుంచి అర లీటరు సీసాలో వచ్చింది. దాన్ని పురిటింట్లో కొంత, వంటింటి గట్టు మీద వరుసగా పెట్టిన సీసాల్లో కొంత వేశాను. సీసాల్లో సన్నగా గాలి బుడగలు రావాలి, తిండికి కంటికి కనిపించని పచ్చని సూక్ష్మ నాచు పోయాలి. దోసెల పిండి గిన్నె పక్కన పచ్చనీళ్ల సీసాలు ఏమిటని మా ఆవిడ మొదటి నెల గొణిగింది. రెండో నెల నుంచి నేను ఊళ్లో లేనప్పుడు తనే వాటికి మేత పోస్తోంది. టార్చి వేసి చూస్తే సీసా గోడల మీద తెల్లని చుక్కలు పరుగెడుతుంటాయి. కొన్నింటి తోకల దగ్గర గుడ్ల సంచి వేలాడుతూ ఉంటుంది. రెండు మూడు వారాలకు ఒక తరం తయారవుతుంది. ఒక సీసా కుళ్లినా మిగతావి ఉండాలి కాబట్టి తోడును ఒకే చోట ఉంచకూడదు. ఈ జాగ్రత్త మన ఇళ్లలో ఎవరికీ నేర్పనక్కర్లేదు. మనింట పెరుగు పులిసిపోతే పక్కింటికి గిన్నె పట్టుకుపోతాం.

రాళ్ల సంగతి కూడా ఆ ఏడాదే తెలుసుకున్నాను. ఇదే గుజరాత్‌లో, జామ్‌నగర్ వైపు కచ్ సింధుశాఖలో పగడపు దిబ్బలున్నాయి. దేశంలో మొదటి మెరైన్ నేషనల్ పార్కు 1982లో అక్కడే ఏర్పడింది. ఆటు సమయంలో నరారా దగ్గర మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ పగడాలను చూడొచ్చు. చూడొచ్చు, అంతే. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నింటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే వాటికీ పులికీ చట్టం దృష్టిలో ఒకే స్థానం. అందుకని నా ట్యాంకులో ఉన్నవి తయారుచేసిన రాళ్లే. వాటి మీద ఇతర అభిరుచిపరులు తమ ట్యాంకుల్లో పెంచి, అంటు తీసి ఇచ్చిన మెత్తని జాతులు రెండో మూడో పెరుగుతున్నాయి. సముద్రం నుంచి తెచ్చిన రాయితో పాటు జీవాలూ వస్తాయి. తయారుచేసిన రాయికి ప్రాణం పోయడానికి నెలలు కావాలి. తాత చెప్పినట్టు ఆగాలి.

ఆగాను. 2023 వేసవిలో సూరత్ ఉడికిపోతుంటే నీటిని 26 డిగ్రీల దగ్గర నిలపడానికి చిల్లర్ పగలూ రాత్రీ తిరిగింది. ఒకరోజు అది మొరాయించింది. చూస్తుండగానే 30 దాటింది. ఐస్ నింపిన సీసాలు తేలవేస్తూ రాత్రంతా కూర్చున్నాం. పై ట్యాంకులో అప్పుడున్నవి ఒక జత క్లౌన్ చేపలు, నాలుగు నత్తలు. వచ్చిన చుట్టాలు ఇంత పెద్ద ట్యాంకులో రెండే చేపలా అని అడిగేవారు. లక్షలున్నాయి, మీకు కనబడవంతే అనేది పాప. దానికప్పటికి రాత్రిపూట టార్చితో రాళ్ల మీద కోపీపాడ్లు లెక్కపెట్టడం ఆటయింది.

అయినా ఇంకో మాండరిన్‌ను కొనడానికి మనసొప్పలేదు. దుకాణాల్లోకి వచ్చేవి దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. పట్టినచోటి నుంచి ఊళ్లు దాటి వచ్చేసరికే సగం ఎండిపోయి ఉంటాయి. వీటిని ట్యాంకుల్లో పుట్టించడం అసాధ్యమేమీ కాదు. సాయంత్రం చీకటి పడే వేళ జంట పక్కపక్కనే నీటిలో పైకి లేచి, ఇసుక గింజంత గుడ్లను వదిలేస్తుంది. కానీ పొదిగిన పిల్లల నోళ్లు ఎంత చిన్నవంటే అప్పుడే పుట్టిన కోపీపాడ్ లాంటి అతి చిన్న ప్రాణులే పడతాయి. 2010లో అమెరికాలోని ఫ్లోరిడా సంస్థ ఒకటి ట్యాంకులో పుట్టిన మాండరిన్లను మార్కెట్లోకి తెచ్చింది. మన దేశంలో కేరళలోని విళింజంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అలంకార చేపలను పుట్టించడంతో పాటు కోపీపాడ్ల పెంపకం మీదా పనిచేస్తోంది. చివరికి అందరూ వచ్చి ఆగేది ఆ మిల్లీమీటరు ప్రాణి దగ్గరే.

2024 జనవరిలో ఒక వస్త్ర మిల్లు ఇంజనీరు ఫోన్ చేశారు. బదిలీ అయిందని, ట్యాంకు తీసేస్తున్నానని, మూడేళ్లుగా పెంచుతున్న మాండరిన్‌ను నమ్మకమైన ఇంట్లో ఇవ్వాలనుకుంటున్నానని చెప్పారు. ఇవ్వడానికి ముందు వచ్చి టార్చి వేసి నా రాళ్లు చూశారు. పురిటిల్లు చూశారు. వంటింటి సీసాలు చూశారు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇంత పరీక్ష చేయలేదు. ఆ నెలలోనే ఇండోర్‌తో కలిసి సూరత్ స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మొదటి స్థానం తెచ్చుకుంది. ఆఫీసులో అందరూ ఆ వార్త హడావిడిలో ఉంటే, నేను ఒక ప్లాస్టిక్ సంచిని గంటసేపు నీళ్లలో తేలవేసి కూర్చున్నాను.

సంచి విప్పగానే అది రాళ్ల వెనక్కి పోయింది. మర్నాడు పది గంటలకు బయటికొచ్చింది. ఒక రాయి మీద ఆగింది, తల వంచింది, ముద్దు పెట్టింది. రెండంగుళాలు నడిచి మళ్లీ ముద్దు. ఇంట్లో ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. నేను దాని ముందు ఏమీ పెట్టలేదు. పెట్టవలసిన పనీ లేదు. అది వచ్చాక రెండు వేసవులు గడిచాయి. పాత యజమాని అలవాటు చేసిన గడ్డకట్టించిన చేపగుడ్లను వారానికి రెండుసార్లు ఒక చిన్న గాజు గిన్నెలో పెడతాను. ఇష్టమైతే తింటుంది. లేకపోతే గిన్నె తీసేస్తాను. అలగను.

పాప ఇప్పుడు బడికి వెళ్లేముందు రోజూ దాని పొట్ట చూస్తుంది. గుండ్రంగా ఉంటే బొటనవేలు పైకెత్తి చూపిస్తుంది. అప్పుడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాను. మనింటి అన్నం నచ్చక కాదమ్మా, దాని అన్నం పండే పొలం మనింట్లో అప్పటికి లేదు అని. విని తలూపింది. కాసేపటికి ఇంకో ప్రశ్న వేసింది: "మరి పొలం లేకుండా ఎందుకు తెచ్చావు?"

దానికి జవాబు లేదు. మొదటి చేపకు నేను బాకీ పడ్డాను, ఆ బాకీ రెండో చేప తీర్చేది కాదు. ఎవరైనా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి మాండరిన్ కొనాలనుందని అంటే చేతిలో ఒక సీసా పచ్చనీళ్లు పెట్టి పంపిస్తున్నాను. ఇది తోడు, ఏడాదయ్యాక రండి, చేప సంగతి అప్పుడు మాట్లాడదాం అని. ఇప్పటిదాకా అయిదుగురు పట్టుకెళ్లారు. ఇద్దరు తిరిగొచ్చారు.